ఎడమ తట్టు వాన

ఒంగోలు కర్నూలు రోడ్డులో మా షాపుకొచ్చి
మలకొండయ్య ముందు ధరలు చూడలా.
స్పీకరు పెట్టెల్ని వేలి కణుపుతో కొట్టాడు, ఒక్కోదాన్నీ,
కుడి చెవి ఆనించి.
"రాయైతే గంటలా మోగాలబ్బయా,
మోగకపోతే లోపల చీలికున్నట్టు.
ఈ పెట్టెలకేం మోగాలో నువ్వే చెప్పు."

చీమకుర్తి క్వారీలో ఇరవయ్యారేళ్లు
మందు కూరి, ఒత్తి ముట్టించి,
పరిగెత్తిన మనిషి.

డిస్క్ ప్లేయర్ల కాడికొచ్చేసరికి ఆగాడు.
ఖరీదైంది చేతిలో పెట్టా. అప్పడమంత పల్చన.
తిప్పి వీపు చూశాడు. హెచ్‌డీఎంఐ బెజ్జం ఒక్కటే.
"మా ఆంప్లిఫయరు పాతది,
కందుకూరులో మూతబడ్డ వీడియో హాలోళ్లది.
దానికుందా ఇట్టాంటి బెజ్జం?"
ఉండదు.
ఈ ముక్క అడక్కుండా కొనుక్కుపోయి
మర్నాడు అట్టపెట్టె చంకనపెట్టుకొచ్చేవాళ్లే
నాకెక్కువ తెలుసు.

కింది అరలోంచి పోయినేటి మోడల్ తీసి దుమ్ము తుడిచా.
వీపున నారింజ రంగు కోయాక్సియల్ గుంట,
పక్కనే రెప్పేసుకున్న ఆప్టికల్ కన్ను.
"ఇదీ" అన్నాడు.
"కాడికింద ఉన్న ఎద్దు ఎత్తు చూడకుండా
రెండోదాన్ని కొంటారా ఎవురైనా."

ఆదివారం పోయా వాళ్లింటికి.
టీవీ కింద గెలాక్సీ గ్రానైట్ ముక్క,
అంచు విరిగి ఎగుమతికి పనికిరాక మిగిలింది,
నల్లటి దాంట్లో బంగారు నలకలు.
దానిమీద ప్లేయరు పెడితే
ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టుంది.

చెంచమ్మ టార్చి పట్టుకుంది.
ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.
ఒక్కటి తిరగబడ్డా మాట మింగినట్టొస్తుంది
అని నేనంటే
"మా ఇంట్లో మామూలేలే" అందామె.
వెనక స్పీకర్ల వైర్లు చాప కిందనించి లాగి
సోఫాకి అటొకటి, ఇటొకటి,
చెవికంటే జానెడు ఎత్తున మేకులు కొట్టా.

డిస్క్ వేశాం. ముందు రెండే పలికాయి.
వెనకంతా నిశ్శబ్దం.
మలకొండయ్య నా మొహం చూశాడు,
మందు పేలకపోతే చూసే చూపు అది,
ఎవరూ దగ్గరికి పోవద్దనే చూపు.

సెటప్‌లోకి పోయి
పీసీఎం తీసేసి బిట్‌స్ట్రీమ్ పెట్టా.
మూట విప్పకుండా పంపించవే,
విప్పుకునే పని ఆంప్లిఫయరుది.
దాని నుదుట చిన్న నీలం దీపం వెలిగింది.

పరీక్ష శబ్దం వదిలా. బియ్యం చెరిగినట్టు ఒక హోరు
ముందు ఎడమ, నడిమి, ముందు కుడి,
వెనక కుడి,
వెనక ఎడమ.
అక్కడ ఆయన ఇంకా కాచుకునే ఉన్నాడు.
"అది చచ్చిందబ్బయా."
మోగుతూనే ఉంది. నాకు వినబడుతూనే ఉంది.
చెంచమ్మ టార్చి ఆర్పింది.
నేను లేచి ఊరికే
బాగున్న వైరే ఊడదీసి మళ్లీ బిగించా.

ఇంకేం చెయ్యాలో తోచక
సంచిలో ఉన్న వాన డిస్క్ పెట్టా.
ముందు చినుకులు. గాలి. తర్వాత గదంతా.
వెనక ఎడమనించి రేకుల మీద పడ్డట్టు
ఒక్కపెట్టున దబదబా.
"మిరపకాయలో!" అని
చెంచమ్మ మెట్లెక్కి మిద్దె మీదికి పరిగెత్తింది,
మిట్టమధ్యాహ్నం,
మాడే ఎండలోకి.

మలకొండయ్య ఆమె పోయిన వాకిలి చూశాడు,
ఎడమ పెట్టె చూశాడు.
లేచెళ్లి దానిమీద అరచెయ్యి ఆనించి
కాసేపట్టా నిలబడ్డాడు.
"పలికిందబ్బయా" అన్నాడు.
"బాగా పలికింది."

కావాలంటే ఒక పక్క సౌండ్ పెంచొచ్చు,
అన్నిట్నీ కుడివైపే సర్దొచ్చు, అన్నా.
"ఎందుకు? ఆ తట్టు ఆమె కూచుంటది."
మిద్దె మీదనించి తిట్లు దిగుతున్నాయి,
నాకో ఆయనకో తెలీదు.
మిగిలిన మూడు మీటర్ల వైరుకి డబ్బు తగ్గిస్తానన్నా
ఒప్పుకోలా.

తిరుగు బస్సులో పేర్నమిట్ట దాటినాక
ఎడమ చెవిలో వేలు పెట్టుకుని కూచున్నా.
చెవిపోటా? అన్నాడు పక్కాయన.
కాదన్నా.
రాళ్ల లారీ ఒకటి దాటిపోయింది,
ఏ తట్టునించో.